పదకొండో సీసాలో ఉన్నది

మా అమ్మాయి పోయిన రోజు మంగళవారం. ఆ రోజు రెండో పీరియడ్‌లో నేను తొమ్మిదో తరగతికి వానపాము పాఠం చెప్పాల్సి ఉంది. ఉదయం ఏడింటికి ఆసుపత్రి వరండాలో బల్ల మీద కూర్చుని సెలవు చీటీ రాయడానికి సంచిలో కాగితం వెతుక్కున్నాను. దొరికింది. పెన్ను మూత తీసి, "గౌరవనీయులైన ప్రధానోపాధ్యాయిని గారికి" అని రాశాను. అప్పుడే నర్సు వచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది. ఆ చీటీ నేను పూర్తి చేయలేదు. ఎవరూ అడగలేదు.

జ్వరం ఆరు రోజులుంది. మొదటి రెండు రోజులూ మామూలు జ్వరమే అన్నారు. మూడో రోజు మెడ వంచలేకపోయింది. మెదడు దాకా పోయిందని నాలుగో రోజు చెప్పారు. దానికి పద్నాలుగేళ్ళు.

అది చదివింది నా తరగతిలోనే. మా బడిలో తొమ్మిదికి ఒకటే సెక్షన్, జీవశాస్త్రానికి నేనొక్కదాన్నే. అందుకని ఆరో తరగతిలో చేరినప్పుడే ఇద్దరం ఒక ఒప్పందం చేసుకున్నాం. గేటు లోపల నేను టీచర్ని, గేటు బయట అమ్మని. ఈ నియమాన్ని నాకంటే అదే బాగా పాటించేది. బడిలో "మీరు" అనేది, నిలబడి మాట్లాడేది. ఇంటికొచ్చాక మాత్రం టీచర్ మీద ఫిర్యాదులన్నీ అమ్మకి చెప్పేది.

"అమ్మా, మీ టీచర్‌కి కాస్త చెప్పవే. ఒక్క రాత్రిలో ఆరు బొమ్మలు గీయమంటే ఎలా?"

"చెప్తాలే. కానీ ఆవిడ నా మాట వినే రకం కాదు."

"ఆ టీచరమ్మ ఎవరి మాటా వినదు," అనేవారు మా ఆయన. "పదహారేళ్ళుగా చూస్తున్నా."

ఆయనకి ఇంటి ముందు గదిలో అద్దాలు కోసే దుకాణం ఉంది. కిటికీ అద్దాలు, మొహం చూసుకునే అద్దాలు, ఫొటోలకి కట్టే అద్దాలు. కూతురు ప్రతిదానికీ వాదిస్తుందని దాన్ని "లాయరుగారూ" అని పిలిచేవారు.

ఒక సంగతి ఇక్కడే చెప్పాలి. అమ్మాయి ఆరో తరగతిలో ఫస్టు వచ్చిన ఏడాది, మెట్ల దగ్గర ఇద్దరు తల్లులు మాట్లాడుకోవడం విన్నాను. "టీచర్ కూతురు కదా, ఫస్టు రాక చస్తుందా?" అంది ఒకావిడ. ఆవిడ నన్ను చూడలేదు. ఆ రోజు నుంచి దాని పేపరు దిద్దేటప్పుడు నా చెయ్యి బిగుసుకునేది. ఇంకో పిల్లకైతే అర మార్కు వేసే చోట దానికి సున్నా వేసేదాన్ని. అది నిజాయితీ అనుకున్నాను.

తొమ్మిదో తరగతిలో నాకు ఇష్టమైన పాఠం జంతువుల వర్గీకరణ. దాన్ని పుస్తకంతో మొదలుపెట్టను. ల్యాబ్‌లో అద్దాల బీరువా తెరిచి పన్నెండు సీసాలూ బల్ల మీద పెట్టించి, పిల్లలని చుట్టూ నిలబెడతాను.

"నక్షత్ర చేప చేపేనా?"

"కాదు టీచర్!"

"జెల్లీ చేప?"

"కాదు టీచర్!"

"పేర్లు పెట్టినవాళ్ళకి చేప తప్ప ఇంకోటి తెలీదా టీచర్?" అంది మా అమ్మాయి. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. గేటు లోపల ఉన్నాం.

పేరు చూసి మోసపోవద్దని చెప్పాను. రంగు, సైజు, నీళ్ళలో ఉంటుందా నేల మీద ఉంటుందా అన్నవి తర్వాత. ముందు శరీరం ఏ పద్ధతిలో కట్టి ఉందో చూడాలి. ఎక్కడ కోస్తే రెండు సగాలూ ఒకేలా వస్తాయి? స్పంజిని చాలావరకు ఎక్కడ కోసినా రావు. జెల్లీ చేపని నడిమధ్య నుంచి ఒక గీతన కోసినా, దానికి అడ్డంగా ఇంకో గీతన కోసినా వస్తాయి, బండి చక్రంలా. వానపాముకీ సీతాకోకచిలుకకీ మనకీ ఒకే ఒక్క గీత ఉంటుంది, కుడిని ఎడమని విడదీసే గీత. తర్వాత ప్రశ్నలు: పేగుకీ ఒంటికీ మధ్య ఖాళీ ఉందా, ఒళ్ళు ఉంగరాలు పేర్చినట్టుందా, కాళ్ళకి కీళ్ళున్నాయా, వీపులో ఎముక ఉందా. వీటికి జవాబిస్తే చాలు, జంతువు తన ఇంటిపేరు తానే చెబుతుంది. సొరచేపా డాల్ఫినూ చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉన్నా ఇంటిపేర్లు వేరు. నత్తకీ ఆక్టోపస్‌కీ పోలికే లేదు, కానీ రెండూ ఒకే ఇంటివి.

"అయితే స్పంజి దిక్కూ దివాణం లేనిది టీచర్," అంది వెనక నుంచి పిట్ట. పిట్ట మా అమ్మాయి స్నేహితురాలు. సన్నగా ఉంటుందని, ఒక చోట నిలవదని ఆ పేరు. అసౌష్ఠవం అన్న మాటకి అంతకంటే మంచి తెలుగు నాకు తట్టలేదు. అందరినీ అదే రాసుకోమన్నాను.

ఆ పాఠం మీదే ప్రాక్టికల్ పరీక్ష పెట్టాను. సీసాల మీది చీటీలని కాగితంతో కప్పి నంబర్లు వేశాం. ఒక్కో సీసా ముందు రెండు నిమిషాలు. జంతువు పేరు, వర్గం, ఒక లక్షణం రాయాలి. పిల్లలు ఏడాదంతా ఆ చీటీలు చూస్తూనే ఉన్నారు కనుక ఎవరికీ కష్టం కాదు. పదకొండో సీసాలో ఉన్నది ఆల్చిప్ప, వర్గం మొలస్కా, అంటే నత్తా ఆక్టోపసూ ఉన్న ఇల్లే. నేను బడిలో చేరకముందు నుంచీ చీటీ మీద ఆ మాటే ఉంది.

ముప్పైమంది ఆల్చిప్ప, మొలస్కా అని రాశారు. మా అమ్మాయి ఇలా రాసింది: "చీటీ ప్రకారం ఆల్చిప్ప. కానీ ఇది మొలస్కా కాదనుకుంటాను. దీని చిప్పలు కుడి ఎడమలు కావు, పైనా కిందా ఉన్నాయి. ఏ వర్గమో నాకు తెలియదు." పక్కన చిన్న బొమ్మ గీసింది.

రెండు మార్కులకి సున్నా వేశాను. ఎర్ర సిరాతో "పాఠ్యపుస్తకము చూడుము" అని రాశాను.

పేపర్లు ఇచ్చిన శుక్రవారం సాయంత్రం నేను వంటింట్లో గిన్నెలు తోముతుంటే, పేపరు, నాన్న దుకాణం నుంచి తెచ్చుకున్న వేలెడు అద్దం ముక్క పట్టుకుని వచ్చింది.

"అమ్మా, మీ టీచర్‌తో పనుంది."

"టీచర్ ఇంటికెళ్ళిపోయింది."

"ఫోన్ చెయ్యి."

"ఎత్తదు."

"అయితే నువ్వే చూడు." పేపరు గట్టు మీద పరిచి, తను గీసిన చిప్ప బొమ్మకి నడిమధ్యన అద్దం నిలబెట్టింది. సగం బొమ్మ, అద్దంలో సగం బొమ్మ కలిసి మొత్తం చిప్ప అయింది. "చూశావా? ఆల్చిప్పకి ఇలా రాదు. ఒక పక్కకి వాలిపోయి ఉంటుంది."

"కొన్ని ఆల్చిప్పలకి ఒక చిప్ప పెద్దది, ఒకటి చిన్నది ఉంటాయి. నీకు తెలీదు."

"చిప్పకీ చిప్పకీ తేడా సంగతి కాదమ్మా. ఒక్క చిప్పనే చూడు. దాని గీత దాని మధ్యలోంచే పోతోంది. ఆల్చిప్పకి రెండు చిప్పలు మూసుకునే సందులోంచి పోవాలి కదా?"

నా చేతులు సబ్బుతో ఉన్నాయి. బొమ్మ వైపు చూశాను. సరిగా చూడలేదు. "నువ్వు గీసిన బొమ్మ నీ మాటే చెబుతుంది," అన్నాను.

మా ఆయన గుమ్మంలోంచి తొంగి చూశారు. "లాయరుగారూ, కింది కోర్టులో ఓడిపోయారు. పైకోర్టు కూడా ఈవిడే. ఇంక రండి."

అది నవ్వలేదు. "నాకు మార్కులు వద్దమ్మా. సీసాని ఒక్కసారి పక్కనుంచి చూడమను. అంతే."

"సరే, సోమవారం చూస్తుందిలే."

సోమవారం ఆ బీరువా రెండుసార్లు తెరిచాను. చూడలేదు. మంగళవారం మధ్యాహ్నం వరండాలో పిల్లలందరి ముందు వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని, "టీచర్, పదకొండో సీసా చూశారా?" అని అడిగింది. మెట్ల దగ్గర విన్న మాట నా చెవిలో ఇంకా ఉంది. "ముప్పైమందికి కనిపించనిది నీ ఒక్కదానికే కనిపించిందా? వెళ్ళి కూర్చో," అన్నాను.

వెళ్ళి కూర్చుంది. బుధవారం పొద్దున జ్వరం వచ్చింది.

నలభై రోజుల తర్వాత మళ్ళీ బడికి వెళ్ళాను. ఎవరూ ఎక్కువ మాట్లాడలేదు, అందుకు వాళ్ళకి నేను కృతజ్ఞురాలిని. తొమ్మిదో తరగతిలో మూడో బెంచీ మీద పిట్ట ఒక్కతే కూర్చుంటోంది. పక్క చోటు ఖాళీగా ఉంచుకుంది. జరగమని నేను చెప్పలేదు.

ల్యాబ్‌లో ఉండే ముసలాయన్ని పిల్లలు సీసాల తాత అంటారు. సీసాల్లో మందునీళ్ళు తగ్గితే పోసేది, మూతల చుట్టూ మైనం పట్టించేది ఆయనే. నన్ను చూసి స్టూలు తుడిచి పెట్టాడు.

"మూడు సీసాల్లో నీళ్ళు తగ్గాయి టీచరమ్మా. జలగది మరీ. ఒళ్ళు సగం బయటికొచ్చి చలికి వణుకుతున్నట్టుంది, పాపం."

"తాళం నా దగ్గరే ఉండిపోయింది కదూ."

"ఉంటే ఉండనీ. ఇవి ఎక్కడికి పోతాయి?" అని, తుడిచిన గుడ్డ మడుస్తూ, "పాప కూడా తాళం అడిగింది," అన్నాడు.

"ఎప్పుడు?"

"జ్వరానికి ముందు మంగళవారమే, బడి వదిలాక. పదకొండోది ఒక్కసారి తీసివ్వు తాతా అంది. తాళం మీ అమ్మ దగ్గరుందే, ఇంట్లో అడుక్కో అన్నాను. ఇంట్లో ఆవిడ టీచర్ కాదు తాతా, అడక్కూడదు అంది. నాకేం అర్థం కాలేదు. నవ్వాను."

బీరువా తెరిచి పదకొండో సీసా తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళాను.

ఆ చిప్పని గాజు పలకకి దారంతో కట్టారు. కట్టినవాళ్ళు పెద్ద చిప్ప ఎదురుగా కనిపించేలా కట్టారు. ముందునుంచి చూస్తే ఒక్క చిప్పే కనిపిస్తుంది, అది ఆల్చిప్పలాగే ఉంటుంది. పందొమ్మిదేళ్ళుగా నేను ముందునుంచే చూశాను. సీసాని పక్కకి తిప్పాను. పై చిప్ప చిన్న మూతలా ఉంది. కింది చిప్ప పెద్దది. దాని కొస చిలక ముక్కులా పైకి వంగింది. ముక్కు చివర గుండ్రటి చిల్లు, చిల్లులోంచి తెగిపోయిన కాడ ముక్క. ఆ చిప్పలో ఎటు చూసినా కుడి సగానికి ఎడమ సగం సరిగ్గా జవాబు చెబుతోంది. రెండు నిమిషాల్లో ఒక పిల్ల ఇదంతా చూసింది.

ఆదివారం ఆ సీసాని సంచిలో పెట్టుకుని, నాకు కాలేజీలో జంతుశాస్త్రం చెప్పిన సార్ ఇంటికి వెళ్ళాను. రిటైరై చాలా కాలమైంది. ముందు గదిలో కుర్చీల మీద కూడా పుస్తకాలే. ఒక కుర్చీ ఖాళీ చేసి నన్ను కూర్చోమని, సీసాని వెలుతురుకి పట్టుకున్నారు. భూతద్దం తీసుకోక ముందే నవ్వారు.

"దీన్ని ఆల్చిప్ప అన్న మహానుభావుడెవరు?"

"నేను కూడా అన్నాను సార్."

"అంటావు. మీ బ్యాచ్ పరీక్షలో ఇది పెడితే నలభైమందిలో ముగ్గురు పట్టారు. ఆ ముగ్గురిలో నువ్వు లేవు, నాకు గుర్తే." చూపుడువేలితో సీసా మీద తట్టారు. "ఇది బ్రాకియోపొడా. ఆల్చిప్ప చిప్పలు తలుపు రెక్కల్లాంటివి, కుడీ ఎడమా. ఇది పెట్టె. అడుగూ మూతా. లోపల మొప్పలుండవు, పాదముండదు. చుట్టలు చుట్టిన కుచ్చు ఒకటుంటుంది, దాంతోనే తిండి పట్టుకుంటుంది. బయటికి ఒక్కలాగే ఉంటాయి, లోపల చుట్టరికమే లేదు. ఒకప్పుడు సముద్రం నిండా ఇవే. ఇప్పుడు ఏవో కొన్ని మిగిలాయి. సరే, నీకెలా తెలిసింది?"

"నాకు తెలియలేదు సార్. తొమ్మిదో తరగతి పిల్ల చెప్పింది."

"తొమ్మిదో తరగతా!" ఆయన కుర్చీలో ముందుకి జరిగారు. "చూసే చెప్పిందా? ఎక్కడా చదవకుండా?"

"బొమ్మ గీసి, మధ్యలో అద్దం పెట్టి చూసింది."

"అమ్మ దొంగా! ఆ పిల్లని ఒకసారి తీసుకురా. ఈ పుస్తకాలు ఎవరికివ్వాలా అని చూస్తున్నాను."

"తీసుకురాలేను సార్."

"భయపడుతుందా? నేను కొరకనని చెప్పు."

"పోయింది సార్. మొన్న జ్వరంతో."

ఆయన భూతద్దం బల్ల మీద పెట్టారు. "అయ్యో," అన్నారు. తర్వాత, "ఎవరి పిల్ల?" అని అడిగారు.

"నా పిల్లే."

ఆయన లేచారు. పాత న్యూస్‌పేపర్లు తెచ్చి సీసా చుట్టూ కుక్కి, నా సంచిలో నిలువుగా పెట్టి, ఒరిగిపోదు కదా అని రెండుసార్లు కదిపి చూశారు. గేటు దాకా సంచి ఆయనే మోశారు.

ఇంటికి వచ్చి మా ఆయనకి చెప్పాను. దుకాణంలో ఉన్నారు. అద్దం మీద గీత గీస్తున్న చెయ్యి ఆపి, "గెలిచిందా?" అన్నారు.

"గెలిచింది."

తలూపి, గీత చివరిదాకా గీశారు. గీశాక గీత వెంట అద్దాన్ని విరవాలి, విరవలేదు. అలాగే బల్ల మీద వదిలేసి లోపలికి వెళ్ళారు.

సోమవారం తొమ్మిదో తరగతిలో సీసాని పక్కకి తిప్పి చూపించాను. ఇది మొలస్కా కాదని, ఇన్నేళ్ళూ నేను తప్పు చెప్పానని చెప్పాను. కొత్త చీటీ నేనే రాసి సీసాల తాత చేత అంటించాను. పిట్ట లేచి నిలబడింది. "మరయితే తను రాసింది రైటేనా టీచర్?"

"రైటే."

"తనకి మీరు చెప్పారా?"

"లేదు," అన్నాను. పిట్ట కూర్చుంది.

ఆ మధ్యాహ్నం హెడ్‌మిస్ట్రెస్ గదికి వెళ్ళి మార్కుల రిజిస్టరు అడిగాను. ఆవిడ మంచి మనిషి. తలుపు దగ్గరికి వేసి, రిజిస్టరు తెరిచి నా వైపు తిప్పారు. అమ్మాయి పేరు మీద ఎర్ర గీత, పక్కన తేదీ. గీత కింద పేరు చదవడానికి వస్తుంది. ప్రాక్టికల్ గడిలో నా చేత్తో వేసిన ఇరవై రెండు.

"ఇరవై నాలుగు కావాలి మేడమ్."

"కొట్టేసిన పేరుకి మార్కులు ఎందుకు దిద్దారని పైనుంచి అడుగుతారేమో," అన్నారు. మళ్ళీ తనే, "అడిగితే నేను చెప్పుకుంటాలే. మరి మిగతా ముప్పైమంది సంగతి? వాళ్ళవి తగ్గించాలా?"

"వద్దు మేడమ్. నేను నేర్పిందే వాళ్ళు రాశారు."

"సరే. దిద్ది, పక్కన 'కారణం' గడిలో 'పొరపాటు' అని రాసి సంతకం పెట్టు. అందరం అదే రాస్తాం."

పెన్ను తీశాను. ఆ మాట రాయడానికి చెయ్యి రాలేదు. పిల్లలకి నేను ఈ రెండు మాటలకీ తేడా చెబుతుంటాను. చూసుకోక జరిగితే పొరపాటు. చూడమని చెప్పినా చూడకపోతే తప్పు.

"ఇది పొరపాటు కాదు మేడమ్. తప్పు."

"తప్పు అని రాస్తే విచారణ అంటారమ్మా. ఏం తప్పు, ఎవరి తప్పు, ఎలా జరిగింది, అన్నీ రాసివ్వమంటారు. ఒక్క మాట కోసం ఇప్పుడు నీకు ఇదంతా ఎందుకు?"

"ఏం జరిగిందో రాసిస్తాను."

ఆవిడ రిజిస్టరు మూసి నా చేతికిచ్చారు. "తొందర లేదు. నీకు ఏది రాయాలనిపిస్తే అది రాసి పట్రా. నేను సంతకం పెడతాను."

అది జరిగి రెండు నెలలైంది. రిజిస్టరు ల్యాబ్‌లో నా బల్ల సొరుగులో ఉంది. ఏం జరిగిందో విడిగా కాగితం మీద నాలుగుసార్లు రాయబోయాను. వరండాలో అన్న మాట దగ్గరికి వచ్చేసరికి ప్రతిసారీ ఆగిపోయాను. ఆ మాట అన్నది టీచరే, కానీ తెల్లారి దాని నుదుటి మీద చెయ్యి పెట్టి చూసినదాన్ని నేను. ఆ రెండింటినీ ఒకే కాగితం మీద రాయడం నాకు ఇంకా చేతకాలేదు.

మార్కులు ఇరవై రెండే ఉన్నాయి. కారణం గడిలో ఏమీ రాయలేదు.